ఉత్తరాంధ్ర ప్రదర్శన కళల దృశ్యఖండికలు: కోడెక్‌ల చరిత్ర, ఎంపిక

విషయ ప్రవేశం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జానపద ప్రదర్శన కళలపై జరుగుతున్న పరిశోధనలో సెల్‌ఫోన్‌తో తీసిన చిన్న దృశ్యఖండికలు కూడా ఆధారాలుగా చేరుతున్నాయి. నిమిషం, రెండు నిమిషాల నిడివి గల ఖండికను చూసి అడుగుల వరసనూ తాళగతినీ వేషధారణనూ నిర్ణయించడం పరిపాటి అవుతోంది. తాళపత్ర ప్రతిని ఆధారంగా స్వీకరించేటప్పుడు లేఖకుడెవరు, అది ఎన్నో తరం ప్రతి, గ్రంథపాతం ఎక్కడుంది అని అడిగే సంప్రదాయం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. దృశ్యఖండిక విషయంలో ఆ ప్రశ్న సాధారణంగా పుట్టదు. తెరమీద కనిపించేదంతా జరిగినదే, జరిగినదంతా తెరమీద ఉన్నదే అన్న నమ్మకం అందుకు కారణం. నిజానికి ఖండికకూ ఒక లేఖకుడున్నాడు. అతడి పేరు కోడెక్.

దృశ్యాన్నీ ధ్వనినీ కుదించి భద్రపరచి, చూసేటప్పుడు తిరిగి విప్పే గణన పద్ధతే కోడెక్. ఎంపీ4, ఎంకేవీ అనేవి కోడెక్‌ల పేర్లని భావించడం తరచుగా కనిపించే పొరపాటు. అవి సంచుల పేర్లు మాత్రమే. ఒకే ఎంపీ4 సంచిలో హెచ్.264 ఉండవచ్చు, హెచ్.265 ఉండవచ్చు.

కుదింపు అనివార్యమే. 1920×1080 పిక్సెళ్ల దృశ్యాన్ని సెకనుకు 30 ఫ్రేముల చొప్పున కుదించకుండా నిల్వ చేస్తే, రంగుల సమాచారాన్ని ముందే తగ్గించినా, ఒక్క నిమిషానికి దాదాపు 5.6 గిగాబైట్లు కావాలి. సెల్‌ఫోన్ అదే నిమిషాన్ని సుమారు 130 మెగాబైట్లలో ఇముడ్చుతుంది. అంటే నలభై పాళ్లకు పైగా తగ్గుతోంది. తగ్గినదేమిటి అన్నదే ఇక్కడి ప్రశ్న.

అనువృత్తి

వ్యాకరణం చదివినవారికి కోడెక్ పనితీరు అపరిచితం కాదు. బాలవ్యాకరణంలో ఒక సూత్రంలోని పదం తర్వాతి సూత్రాలకు అనువర్తిస్తుంది. చిన్నయసూరి దాన్ని మళ్లీ చెప్పడు. కోడెక్ కూడా ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, దాని వెనుక వచ్చే ఫ్రేములలో మారినంత మేరకే రాస్తుంది. గోడ కదలదు కాబట్టి గోడను మళ్లీ రాయదు. మనిషి రెండడుగులు జరిగితే ‘ఆ ముక్కను ఇంత దూరం జరుపు’ అని సూచిస్తుంది. మూలసూత్రం లుప్తమైతే దాని వెనుక సూత్రాలు అన్వయించనట్లే, పూర్ణఫ్రేము చెడితే తర్వాతి ఫ్రేములన్నీ చెదిరిపోతాయి. పూర్ణఫ్రేము ఖర్చైనది. గంట సేపటి చిత్రంలో ఆ ఖర్చు కనపడదు. పదిసెకన్ల ఖండికలో ఎక్కువ భాగాన్ని అదే మింగవచ్చు. నిడివి తక్కువైనంత మాత్రాన కుదింపు తేలిక కాదనడానికి ఇదొక కారణం.

సూత్రకారుడికీ కోడెక్‌కూ ముఖ్యమైన భేదం ఒకటుంది. అనువృత్తిలో అర్థలోపం లేదు. కోడెక్ మాత్రం మానవ నేత్రం గుర్తించదనుకున్న దాన్ని శాశ్వతంగా విడిచిపెడుతుంది.

నాలుగు పుటల వ్యాసం

విడిచిపెట్టవలసినది ఏదో తేల్చే గణితం 1974 జనవరిలో వెలువడిన నాలుగు పుటల వ్యాసంలో ఉంది. దాని కర్తలు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన దగ్గర పరిశోధన చేసిన టి. నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ఆచార్యులైన కె. ఆర్. రావు. ఈ రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరే ఆయన తెలుగుతనాన్ని చెబుతుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో 1952లో ఇంజనీరింగ్ పట్టా పొంది అమెరికా వెళ్లారు. ఆయనా అహ్మదూ 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచే పీహెచ్‌డీ పొందారు. ఈ పరిశోధనకు అహ్మద్ మొదట అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ఆర్థిక సహాయం కోరితే అది లభించలేదు. రామమోహనరావు 2021లో కన్నుమూసేనాటికి ఈ భూమ్మీద తీస్తున్న దృశ్యఖండికల్లో అత్యధిక భాగం ఆ గణితం మీదా దాని పరిణామ రూపాల మీదా నడుస్తున్నాయి. తెలుగునాట ఆయన పేరు అంతగా వినపడకపోవడం విచారకరం.

డీసీటీ అనే ఆ పద్ధతి చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల మళ్లుగా విభజిస్తుంది. ఒక్కో మడిలోని వెలుగును స్థూలమైన మార్పులుగా, సూక్ష్మమైన మార్పులుగా వేరుచేస్తుంది. సూక్ష్మాంశాలను ముతకగా కొలవడమో సున్నా చేయడమో దాని తర్వాతి దశ. ఇంతకుమించి గణితం ఇక్కడ అవసరం లేదు. గుర్తుంచుకోవలసింది ఒకటే: నునుపైనది నిలుస్తుంది, సన్నటిది రాలిపోతుంది.

వీసీడీ నుంచి త్రీజీపీ దాకా

కళను కుదించడం ఉత్తరాంధ్రకు కంప్యూటరుతో వచ్చినది కాదు. 1919లో విజయనగరం సంగీత కళాశాల స్థాపితమైనప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రధానాచార్యులైన ద్వారం వేంకటస్వామినాయుడు 78 వేగపు గ్రామఫోను రికార్డుకు వాయించినప్పుడు ఒక్కో వైపు ఉన్నవి మూడు నాలుగు నిమిషాలే. అయితే అక్కడ ఏది విడవాలో, ఏది నిలపాలో నిర్ణయించినవాడు కళాకారుడు. వీసీడీతో ఆ అధికారం అతడి చేతి నుంచి జారింది.

1993లో వచ్చిన వీసీడీ ఎంపెగ్-1 కోడెక్‌తో పనిచేస్తుంది. మన దేశంలో వాడిన పద్ధతిలో ఫ్రేము 352×288 పిక్సెళ్లు, దృశ్యానికి సెకనుకు 11.5 లక్షల బిట్లు, ఒక్కో బిళ్లకు 74 నిమిషాలు. జానపద గేయాలూ ప్రదర్శనలూ ఆ బిళ్లల మీదుగానే మొదట ఇంటింటి తెరకు చేరాయి. తర్వాతి దశ త్రీజీపీ. సెల్‌ఫోన్ దుకాణంలో మెమరీకార్డు ఇచ్చి పాటలు ఎక్కించుకున్న కాలమది. నాటి ఫోన్లు తీసిన ఖండికలలో సాధారణంగా హెచ్.263 దృశ్యం, ఏఎంఆర్ ధ్వని ఉండేవి. ఫ్రేము 176×144, సెకనుకు పదిహేను ఫ్రేములు.

తప్పెటగుళ్లను ఈ కొలతలతో పోల్చి చూడాలి. ఇది యాదవుల కళ. పదిహేను, ఇరవైమంది రొమ్ముకు కట్టుకున్న తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో, వలయంగా తిరుగుతూ ఎగిరి ఆడతారు. బృందమంతా కనిపించేలా దూరం నుంచి తీస్తే 144 పిక్సెళ్ల ఎత్తులో ఒక్కో కళాకారుడికి దక్కేది నలభై పిక్సెళ్లు. పాదానికి మూడో నాలుగో. హెచ్.263 కదలికను లెక్కించే ముక్క సాధారణంగా 16×16 పిక్సెళ్లది. అంటే మోకాలు, పిక్క, పాదం, గజ్జె, కింద లేచిన దుమ్ము అన్నీ ఒకే ముక్కలో పడి ఒకే దిశలో జరుగుతాయి. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 66 మిల్లీసెకన్ల ఎడం. దరువు ద్రుతగతికి చేరినప్పుడు కొన్ని దెబ్బలు ఆ ఎడంలోనే పడిపోతాయి.

ధ్వని సంగతి ఇంకా తీవ్రం. ఏఎంఆర్ ఫోను సంభాషణ కోసం రూపొందిన కోడెక్. సెకనుకు 8,000 నమూనాలు తీసుకుని సుమారు 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే నిలుపుతుంది. మాటకు అది చాలు. చిన్న గజ్జెల ధ్వనిలో ఎక్కువ భాగం ఆ హద్దుకు పైనే ఉంటుంది. పైగా ఈ కోడెక్ మానవ కంఠాన్ని నమూనాగా పెట్టుకున్నది. ఇరవై తప్పెటలు ఒక్కసారి మోగితే వాటిని ఏ కంఠంగా భావించాలో దానికి తెలియదు. ఆనాటి ఖండికను విని ఈ కళలో గజ్జెల పాత్ర స్వల్పమని ఎవరైనా రాస్తే ఆ నిర్ణయం కళాకారుడిది కాదు, కళది అసలే కాదు.

సిరిమాను

కాలక్రమంలో కోడెక్‌లు మెరుగయ్యాయి. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 వచ్చాయి. 2016 తర్వాత మొబైల్ డేటా చవకై ఖండికల రాశి పెరిగింది. దానితో సమస్య తీరలేదు, చోటు మారింది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఇందుకు తగిన ఉదాహరణ. విజయదశమి తర్వాతి మంగళవారం పూజారి చింతమాను కొసన కూర్చోగా సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుమార్లు తిరుగుతుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సాగుతాయి. లక్షలాది జనం కదులుతుంటారు. ఫోను పట్టిన చెయ్యీ కదులుతుంటుంది. కదలని గోడ మీద ఆధారపడిన అనువృత్తికి ఇక్కడ గోడే లేదు. ప్రతి ఫ్రేమూ కొత్తదే.

ఫోను నేరుగా తీసిన ప్రతిలో సెకనుకు 170 లక్షల బిట్ల వరకు ఉంటాయి. వాట్సాప్‌లో చాలాకాలం దృశ్యఖండికకు 16 మెగాబైట్లే పరిమితి. మూడు నిమిషాల ఊరేగింపు అందులో ఇమడాలంటే ధ్వనితో కలిపి సెకనుకు మిగిలేవి ఏడు లక్షల బిట్లు. అప్పుడు జనం ముఖాలు అంబలిలా కలిసిపోతాయి. వల కళ్లు పూడి వల గుడ్డలా కనిపిస్తుంది. రంగుల పరిస్థితి వేరు: వెలుగును ప్రతి పిక్సెల్‌కూ రాసే ఈ కోడెక్‌లు రంగును సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు ఒకసారే రాస్తాయి. కాబట్టి ఎర్రచీర అంచు, పసుపు పక్కన కుంకుమ ఒకదానిలోకి ఒకటి కారినట్లుంటాయి. ఆ ప్రతిని దాచుకుని, కత్తిరించి, స్టేటస్‌గా పెట్టి, వేరొక వేదికకు ఎక్కించిన ప్రతిసారీ మళ్లీ కుదింపు జరుగుతుంది. లేఖక పరంపరలో తప్పు మీద తప్పు చేరినట్లే.

క్షేత్ర పరిశోధనలో ఎంపిక

క్షేత్రంలో తీసిన మూలప్రతిని యథాతథంగా కేబుల్ ద్వారా కంప్యూటరుకు మార్చి మరో చోట నకలు ఉంచడం అన్నిటికంటే ముఖ్యం. వాట్సాప్ ద్వారానే పంపవలసి వస్తే ‘డాక్యుమెంటు’గా పంపాలి. 2022 నుంచి ఆ మార్గంలో 2 గిగాబైట్ల వరకు మళ్లీ కుదించకుండానే చేరుతుంది. పాత వీహెచ్‌ఎస్ టేపులను డిజిటలీకరించేటప్పుడు ఎఫ్ఎఫ్‌వీ1 వంటి నష్టరహిత కోడెక్ తగినది. 2021లో దానికి బహిరంగ ప్రమాణపత్రం కూడా వచ్చింది. ఫోను ఖండికను అందులోకి మార్చడం మాత్రం వృథా. పోయినది తిరిగిరాదు, పరిమాణమే పెరుగుతుంది.

తరగతి గదికీ సదస్సుకూ నేటికీ హెచ్.264 ఉత్తమం. హెచ్.265 సగం బిట్లతోనే దాదాపు అంతటి నాణ్యత ఇస్తుంది కాని కళాశాలల్లోని పాత కంప్యూటర్లు దాన్ని తడబడకుండా నడపలేవు. ఏవీ1కు రుసుముల బెడద లేకపోయినా కుదింపుకు సమయం ఎక్కువ పడుతుంది. హెచ్.264లో సీఆర్ఎఫ్ అనే నాణ్యతా సూచికను యథావిధిగా ఉండే 23 దగ్గర విడిచిపెట్టక, ఆటపాటల ఖండికలకు 18 నుంచి 20 మధ్య ఉంచాలి. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. పరిమాణం తగ్గించక తప్పనప్పుడు తప్పెటగుళ్ల వంటి వేగవంతమైన కళకు పిక్సెళ్లను తగ్గించవచ్చు గాని ఫ్రేముల సంఖ్యను తగ్గించకూడదు. సిరిమాను వంటి దృశ్యానికి ఇది తలకిందులవుతుంది. అక్కడ పిక్సెళ్లే ప్రధానం. ధ్వనికి ఏఏసీ, 48,000 నమూనాలు. దీర్ఘచిత్రంలోంచి ముక్క కావలసినప్పుడు మళ్లీ కుదించకుండా పూర్ణఫ్రేము వద్ద కోయవచ్చు. ముక్క కావలసిన చోటుకు ఒకటి రెండు సెకన్ల ముందు మొదలైనా నష్టం లేదు.

ఇతరుల నుంచి లభించిన ఖండికకు పాఠనిర్ణయం తప్పదు. మీడియాఇన్ఫో వంటి ఉచిత పరికరం కోడెక్‌నూ బిట్లనూ నమూనాల సంఖ్యనూ చూపుతుంది. కాని ఆ అంకెలు చివరి లేఖకుడి గురించే చెబుతాయి. త్రీజీపీగా పుట్టిన ఖండికను ఎవరో యూట్యూబుకు ఎక్కించి ఉంటే పరికరం దాన్ని 44,100 నమూనాల ధ్వనిగానే చూపవచ్చు. అప్పుడు ఆడాసిటీలో ధ్వని వర్ణపటాన్ని తెరిచి చూడాలి. 3,400 హెర్ట్జ్‌కు పైన పటం అంతా ఖాళీగా, గీత గీసినట్లు నల్లగా ఉంటే, ఆ ప్రతి ఒకప్పుడు పాత ఫోను గుండా వచ్చినదని భావించవచ్చు. అటువంటి ప్రతి నుంచి పాటలోని మాటను స్వీకరించవచ్చు. గజ్జెల గురించి దాన్ని సాక్ష్యం అడగకూడదు.