కడలి దాటే ముందు ఆఖరి మజిలీ: అబర్‌డారన్

వేల్స్ పటంలో వాయవ్యాన ఐరిష్ సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నని నేల ల్లీన్ ద్వీపకల్పం. దాని కొసన, కొండల మధ్య పల్లంలో, రెండు వాగులు కలిసి కడలిలో పడే చోట అబర్‌డారన్ ఉంది. తెల్ల సున్నం వేసిన కొన్ని ఇళ్లు, రెండు రాతి వంతెనలు, ఒక ఇసుక తీరం. ఇంత చిన్న ఊరికి పదిహేను వందల ఏళ్ల చరిత్ర ఎలా వచ్చిందంటే, కారణం ఊళ్లో కాదు, ఎదురుగా సముద్రంలో ఉంది.

ద్వీపకల్పం కొసకు మూడు కిలోమీటర్ల దూరంలో ఒక దీవి కనిపిస్తుంది. ఇంగ్లిషువారికి అది బార్డ్‌సీ, వెల్ష్‌వారికి ఎన్‌ల్లి. ఆరో శతాబ్దంలో సెయింట్ కాడ్‌వాన్ అక్కడ మఠం స్థాపించాడని చెబుతారు. ఇరవై వేల మంది పుణ్యపురుషులు ఆ మట్టిలో నిద్రిస్తున్నారని మధ్యయుగాల నమ్మకం. ఎన్‌ల్లికి మూడుసార్లు వెళ్తే రోమ్‌కు ఒకసారి వెళ్లినంత పుణ్యం అనేవారు. అందుకే దేశం నలుమూలల నుంచి జనం కాలినడకన వచ్చేవారు. అయితే దీవికీ నేలకూ మధ్యనున్న జలసంధిలో ప్రవాహాలు మహా ఉద్ధృతం. గాలి తిరిగితే పడవ కదలదు. ఒక పూట కావచ్చు, వారం కావచ్చు, ఆగాల్సిందే. ఆ ఆగిన జనానికి తిండి, నీడ, ప్రార్థన కావాలి. అబర్‌డారన్ అలా పెరిగింది. నా దృష్టిలో ఈ ఊరిని కట్టింది నిరీక్షణే.

తిండి సంగతికి సాక్ష్యం నేటికీ ఊరి నడిబొడ్డున నిలిచి ఉంది. ‘ఎ గెగిన్ వౌర్’, అంటే పెద్ద వంటిల్లు. సుమారు 1300 ప్రాంతంలో యాత్రికుల కోసమే వెలసిందట. ఇప్పుడు అక్కడ టీ, కేకులు అమ్ముతున్నారు. ఏడు వందల ఏళ్ల తరువాత కూడా బాటసారి ఆకలి తీర్చడమే దాని పని!

ప్రార్థనకు సెయింట్ హవిన్ చర్చి. అలలకు అడుగుల దూరంలో, సముద్రపు గోడను ఆనుకుని ఉంటుంది. అందులోని పాత భాగం పన్నెండో శతాబ్దిది. లోపల భద్రపరచిన రెండు రాళ్లు మాత్రం అంతకంటే ఎంతో పాతవి. క్రీ.శ. ఐదో, ఆరో శతాబ్దాల నాటి వెరాకియస్, సెనాకస్ అనే ఇద్దరు పురోహితుల సమాధి రాళ్లవి, వాటిపై లాటిన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి.

ఈ చర్చి ధైర్యం గురించి ఒక కథ చెప్పుకోవాలి. 1115లో దక్షిణ వేల్స్ రాజకుమారుడు గ్రిఫిత్ అప్ రీస్ ప్రాణభయంతో పరుగెత్తి వచ్చి ఇక్కడ దాక్కున్నాడు. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ మెప్పు కోసం, ఆశ్రయమిచ్చిన ఉత్తరాది రాజే అతణ్ని పట్టివ్వబోయాడు. సైనికులు గుమ్మం దాకా వచ్చారు. శరణుజొచ్చినవాణ్ని ఇవ్వబోమని మతగురువులు అడ్డుపడ్డారు. రాజకుమారుడు తప్పించుకున్నాడు. కత్తి లేని మనుషులు కత్తి ఉన్నవాళ్లను ఆపిన ఆ గుమ్మం ముందు ఎవరైనా ఒక్క నిమిషం ఆగాల్సిందే.

1405లో వెల్ష్ తిరుగుబాటు నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్, ఇంగ్లిషు ప్రభువులు మోర్టిమర్, పెర్సీ కలిసి ఇంగ్లండు, వేల్స్‌లను మూడు భాగాలుగా పంచుకునే ఒప్పందం రాసుకున్నదీ ఈ ఊళ్లోనే అని స్థానిక సంప్రదాయం. ఆ పంపకం అమలు కాలేదు.

1537లో ఎనిమిదో హెన్రీ కాలంలో ఎన్‌ల్లి మఠం మూతపడింది. యాత్రికులు తగ్గారు. ఊరు హెర్రింగ్ చేపల వేట మీద, చిన్న ఓడల వ్యాపారం మీద బతికింది. సముద్రం మింగేస్తుందన్న భయంతో 1841లో లోపలికి జరిగి కొత్త చర్చి కట్టుకున్నారు. మనసు ఒప్పలేదు. పాతదాన్ని బాగుచేసుకుని 1906లో తిరిగి అక్కడికే వచ్చారు.

ఇక మనుషులు. 1780లో పుట్టిన రిచర్డ్ రాబర్ట్ జోన్స్‌ను అందరూ ‘డిక్ అబర్‌డారన్’ అన్నారు. వడ్రంగి కొడుకు. పని అబ్బలేదు, భాషలు అబ్బాయి. పద్నాలుగు పదిహేను భాషలు వచ్చనేవారు. జేబుల నిండా పుస్తకాలతో ఊళ్లు తిరిగాడు. వెల్ష్, గ్రీకు, హీబ్రూ నిఘంటువు రాశాడు, అచ్చువేసేవారు దొరకలేదు. పేదగానే 1843లో కన్నుమూశాడు. ఆ రాతప్రతి సెయింట్ ఆసఫ్ కెథడ్రల్‌లో ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో హవిన్ చర్చికి వికార్‌గా, అంటే మతగురువుగా, వచ్చినవాడు కవి ఆర్.ఎస్. థామస్. 1967 నుంచి 1978 వరకు ఇక్కడ పనిచేశాడు. ముప్ఫై ఏళ్ల వయసులో వెల్ష్ నేర్చుకున్నాడు. కవిత్వం ఇంగ్లిషులో రాశాడు, ఆత్మకథ వెల్ష్‌లో రాశాడు. పక్షుల కోసం దుర్భిణితో గంటల తరబడి కొండకొమ్మున నిలబడేవాడు.

చూడవలసినవి చాలానే ఉన్నాయి. పక్కనే ఉన్న పోర్థోర్ తీరంలో పొడి ఇసుక మీద నడిస్తే పాదాల కింద రేణువులు రాపిడికి కీచుమంటాయి. పోర్త్ మైద్వి అనే చిన్న రేవు నుంచి ఎన్‌ల్లికి పడవ వెళ్తుంది. ఆ దీవిలో మాంక్స్ షియర్‌వాటర్ పక్షులు వేల జంటలుగా బొరియల్లో గుడ్లు పెడతాయి. అవి చలికాలం గడిపేది దక్షిణ అమెరికా సముద్రాల్లో. 2023లో ఎన్‌ల్లిని అంతర్జాతీయ చీకటి ఆకాశ అభయారణ్యంగా గుర్తించారు, యూరప్‌లో ఆ గుర్తింపు పొందిన మొదటి చోటు అదే.

అన్నిటికంటే పెద్ద ఆకర్షణ మాత్రం అక్కడి వెల్ష్ మాటే అంటాను. కొట్లో, బడిలో, పడవలో అదే భాష. సెలవుల్లో మాత్రమే తెరిచే ఇళ్లు పెరిగి, పుట్టినూళ్లో ఇల్లు కొనలేక యువత వలసపోతే ఆ మాట నిలవదు. అందుకే స్థానిక గ్వినెత్ కౌన్సిల్ 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై కౌన్సిల్ పన్నుకు అదనంగా 150 శాతం వేసింది. నాకు అది సరైన నిర్ణయంగానే తోస్తోంది.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు స్నోడన్ కొండ చూసి వెనుదిరగకండి. రైలు పల్హెలీతో ఆగిపోతుంది, అక్కడి నుంచి రోడ్డుమీద సుమారు 24 కిలోమీటర్లు. ఒక్కరోజు ప్రయాణంగా పెట్టుకోకండి, గాలి ఒప్పుకోకపోతే నేటికీ పడవ కదలదు. ఊరివాళ్లు నడిపే గదుల్లోనే దిగండి, తిండి ఖర్చు ఊళ్లోనే పెట్టండి.