నడవలేని షుగరు రోగికి కరెంటు వ్యాయామం

ఒమన్‌లో, యూఏఈ నగరం అల్ ఐన్‌ను ఆనుకుని ఉన్న బురైమిలో వేసవి పగలు నడక ఎవరి తరమూ కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో కూలీల చేత పని చేయించకూడదని అక్కడి చట్టమే చెబుతోంది. ఆ దేశపు సర్వేల్లో పెద్దవాళ్లలో షుగరు 1991లో దాదాపు పది శాతం, 2000లో 11.6, 2017లో 15.7 శాతం. లెక్కకు తీసుకున్న వయసులు వేరైనా పెరుగుదల మాత్రం స్పష్టం. రోజూ నడవమని ప్రతి డాక్టరూ చెబుతారు. మోకాళ్లు అరిగినవాళ్లు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లు ఏం చేయాలి?

దీనికి దొరికిన జవాబుల్లో ఒకటైన, ఒంటికి కరెంటు పెట్టే పద్ధతి చాలా పాతది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ కీళ్లవాతానికి కరెంటు చేపను వాడమన్నాడు. 1791లో, కరెంటుకు కప్ప కాళ్లు కదలడం చూపిన గాల్వానీ ప్రయోగాలు అచ్చయ్యాయి. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరిత విద్యుత్తుతో ఫ్రాన్స్‌లో వైద్యుడు డుషెన్, చర్మం కోయకుండానే ఒక్కొక్క కండరాన్ని విడిగా కదిలించి, 1855లో దానిపై పుస్తకం వేశాడు. 1961లో లిబర్సన్ పక్షవాతంతో వాలిపోయిన పాదాన్ని కరెంటుతో లేపాడు. 1970లలో సోవియట్ శాస్త్రవేత్త కోట్స్ క్రీడాకారుల బలం కోసం దీన్ని వాడాడు.

అప్పటిదాకా అందరి దృష్టీ నొప్పి, కదలిక, బలం మీదే. షుగరు మీదికి మళ్లడం ఇటీవలి మాట, నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపూ అదే. కండరం ముడుచుకున్నప్పుడు కణం లోపలి గ్లూట్-4 వాహకాలు పైపొరకు చేరి రక్తంలోని గ్లూకోజును లోపలికి లాగుతాయి. ఇందుకు ఇన్సులిన్ మీద ఆధారపడక్కర్లేదు. ఇన్సులిన్ మాట వినని శరీరానికి ఇదెంత పెద్ద వరమో ఆలోచించండి! మామూలు తేలికపాటి నడకలో ఎక్కువగా కండరంలోని నెమ్మది పోగులే పనిచేస్తాయి. కరెంటు మాత్రం గ్లూకోజును ఎక్కువగా ఖర్చుచేసే వేగపు పోగులనూ లేపుతుంది. క్యోటోలో హమాడా, మోరితాని బృందం 2003, 2004లలో ఆరోగ్యవంతుల కాళ్లకు కరెంటు పెట్టి, గ్లూకోజు వినియోగం పెరగడం చూపింది. 2015లో వచ్చిన జర్మన్ అధ్యయనంలో టైప్-2 షుగరు ఉన్న 15 మంది పది వారాలు ఈ కరెంటు వ్యాయామం చేశారు. వాళ్ల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు స్థాయిని చూపే పరీక్ష) సగటు 7.7 శాతం నుంచి 7.2 శాతానికి దిగింది. మంచి కబురే కానీ, పదిహేను మందితో తీర్పు చెప్పలేం.

జాగ్రత్తలూ ఉన్నాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, మూర్ఛ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. మొదటి రోజే తీవ్రంగా పెడితే కండరం చితికి కిడ్నీలకు ముప్పు రావచ్చు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు కరెంటు పెట్టే ప్యాడు కింద చర్మం కాలినా తెలియదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు.

బురైమిలో గానీ మరెక్కడ గానీ ఉన్న మన తెలుగువాళ్లకు నా మనవి ఇది: కాళ్లు సహకరిస్తే ఎండ తగ్గాక నడవండి. సహకరించకపోతే, ఆన్‌లైన్‌లో యంత్రం కొనేముందు మీ పాదాలనూ మందుల చీటీనీ డాక్టరుకు చూపించి, మొదటి కొన్నిసార్లు ఫిజియోథెరపిస్టు ఎదుటే చేయండి.