నేలమీది ఈత కొలను: అడుగు శుభ్రం చేసే పని

గొయ్యి తవ్వకుండా, చదును చేసిన నేల మీద గోడ నిలబెట్టి, లోపల వినైల్ లైనర్ పరిచి నీళ్లు నింపేది నేలమీది ఈత కొలను. అమెరికా, కెనడా పెరళ్లలో ఇవి ఎక్కువ. ఉక్కు, అల్యూమినియం లేదా రెజిన్‌తో చేసే ఈ గోడ ఎత్తు సాధారణంగా 48 నుంచి 54 అంగుళాలు ఉంటుంది. లైనర్ కింద చాలాచోట్ల మెత్తని ఇసుక పరుస్తారు. 24 అడుగుల వ్యాసమున్న గుండ్రటి కొలనులో 4 అడుగుల లోతున నీళ్లుంటే అవి సుమారు 51,000 లీటర్లు.

తవ్వి కట్టిన కొలనుల్లో చాలావాటికి అడుగున తూము ఉంటుంది. నేలమీది కొలనుకు సాధారణంగా అది పెట్టరు, ఎందుకంటే లైనర్ అడుగున చిల్లు చేస్తే నీరు కారే చోటు ఒకటి కొత్తగా తయారవుతుంది. గోడ పైభాగాన ఉండే స్కిమ్మర్ తేలేవాటిని మాత్రమే లాక్కుంటుంది. మునిగిన ఆకులు, ఇసుక, చచ్చిన పాచి అడుగునే ఉండిపోతాయి. ఆకులు, పాచి అక్కడ కుళ్లుతూ నీళ్లలోని క్లోరిన్‌ను తినేస్తాయి, లైనర్‌పై గోధుమరంగు మరకలు వదులుతాయి.

గుండ్రటి కొలనులో ఈ చెత్త నడిమధ్యన కుప్పగా చేరడం తరచూ కనిపిస్తుంది. గ్లాసులో టీ కలిపి చెంచా తీసేస్తే అడుగున మిగిలిన పొడి కూడా అలాగే మధ్యకు వస్తుంది. సుడి వల్ల నీరు అంచుకు ఒత్తుకుంటుంది. అడుగున రాపిడితో వేగం తగ్గడం వల్ల అక్కడి నీరు ఆ ఒత్తిడికి లొంగి లోపలికి జారుతుంది, పొడిని వెంట తీసుకెళుతుంది. ఐన్‌స్టీన్ 1926లో నదుల వంకరల గురించి రాస్తూ ఈ సంగతినే వివరించాడు. పంపు నుంచి నీరు తిరిగి వచ్చే మూతిని గోడ వెంబడి తిప్పి పెడితే కొలను నీరు మెల్లగా సుడి తిరుగుతుంది. చెత్త ఒకచోటికి చేరితే సగం పని అయినట్టే.

తెలుగు ఊళ్లలో బావి పూడిక తీయాలంటే ఎండాకాలంలో నీళ్లు తోడేసి మనిషి దిగుతాడు. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. నీళ్లు పూర్తిగా తీసేస్తే పాత లైనర్ ముడుచుకుపోయి, మళ్లీ నింపేటప్పుడు చిరగవచ్చు. లోపలి నీటి బరువు లేని గోడ గాలికి వంగిపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి నీళ్లుండగానే అడుగు ఊడ్చాలి.

పెద్ద ఆకులను ముందే పొడవాటి కర్రకు కట్టిన వలతో తీసేయాలి. మిగతాది వ్యాక్యూమ్ పని. వినైల్‌కు కుచ్చులున్న తల వాడాలి, కాంక్రీటు కొలనులకు చేసిన బరువైన చక్రాల తల వాడితే లైనర్ దెబ్బతింటుంది. తలకు గొట్టం తగిలించి అడుగుకు దించాక, గొట్టం రెండో కొసను నీరు వచ్చే మూతికి ఆనించి పట్టుకోవాలి. గొట్టంలోని గాలి తల దగ్గర బుడబుడమని బయటకు వస్తుంది. ఆఖరి బుడగ కూడా ఆగాక, కొసను అరచేత్తో మూసి స్కిమ్మర్‌లోకి తెచ్చి బిగించాలి. కాస్త గాలి మిగిలినా పంపు పట్టు తప్పుతుంది.

ఈ పనిలో చెయ్యి నెమ్మదిగా కదలడం అన్నిటికన్నా ముఖ్యం. ఇల్లు అలికినట్టు, ప్రతి పట్టీ ముందటి పట్టీ మీదికి నాలుగు వేళ్లు ఎక్కేలా లాగాలి. తొందరపడి తోస్తే సన్నటి దుమ్ము పొగలా లేచి నీళ్లంతా కమ్ముకుంటుంది. అది మళ్లీ అడుగుకు దిగేదాకా, ఒక్కోసారి మర్నాటిదాకా, ఆగక తప్పదు.

సన్నటి ఒండ్రు, చచ్చిన పాచి ఇసుక ఫిల్టర్‌లోంచి జారి తిరిగి కొలనులోకే వస్తాయి. అలాంటప్పుడు ఫిల్టర్‌కు ఉండే మల్టీపోర్ట్ వాల్వును 'వేస్ట్'కు తిప్పి మురికి నీటిని బయటికి పంపేయాలి. నిమిషానికి 150 లీటర్లు లాగే పంపుతో, పైన చెప్పిన కొలనులో పావుగంటకు 5 సెంటీమీటర్లకు పైగా మట్టం దిగుతుంది. ముందే కాస్త ఎక్కువగా నింపుకోవడం మంచిది. మట్టం స్కిమ్మర్ మూతి కంటే కిందికి దిగితే పంపు గాలి పీల్చి పాడవుతుంది.

బురద అడుగుకు దిగకుండా నీళ్లలోనే తేలుతుంటే దాన్ని దించే మందు వేస్తారు. ఇలాంటి మందుల్లో తరచూ ఉండేది అల్యూమినియం సల్ఫేటు, మనకు తెలిసిన పటికకు చుట్టం. మన ఇళ్లలో మురికి నీటి బిందెలో పటిక తిప్పడం, ఇండుపగింజ అరగదీసి కలపడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. మందు కలిపి పంపు ఆపి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి బురద దుప్పటిలా అడుగున పరుచుకుంటుంది. దాన్ని 'వేస్ట్'లోనే లాగాలి, ఫిల్టర్‌లోకి పంపితే ఇసుక గడ్డకడుతుంది.

పంపు లేకపోయినా ఈ కొలనుకు ఒక వరం ఉంది. నీటి మట్టం నేల కంటే ఎత్తున ఉంటుంది కనుక, డ్రమ్ములోంచి పైపుతో డీజిల్ దించినట్టే గొట్టం నిండా నీళ్లు పట్టి కొసను గోడ అవతలికి దించితే చాలు. నీరు తనంతట తానే అడుగు మురికిని లాక్కుపోతుంది. నోటితో మాత్రం పీల్చకూడదు. చదునైన చోట తవ్విన కొలనుకు ఈ వీలు లేదు.

తోట గొట్టంతో నడిచే ఆకుల సంచి మరో సాధనం. నీటి ధార పైకి చిమ్ముతూ ఆకులను వల సంచిలోకి ఎగదోస్తుంది. ఆకులకు ఇది చక్కగా పనిచేస్తుంది కానీ దుమ్ము వల కళ్లలోంచి జారిపోతుంది.

తనంతట తానే అడుగున పాకే యంత్రాల్లో పేరు పొందినది క్రీపీ క్రాలీ. దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే 1974లో దీన్ని రూపొందించాడు. కొలను పంపు లాగుడుతోనే ఇది కదులుతుంది. ఇప్పటి రోబోలకు సొంత మోటారు, సొంత సంచి ఉంటాయి. రోజువారీ దుమ్ముకు అవి మంచివే. చలికాలమంతా కప్పి ఉంచిన కొలనును మే నెలలో తెరిచినప్పుడు కనిపించే నానిన ఓక్, మేపుల్ ఆకుల కుప్పకు మాత్రం వల పట్టుకోవాల్సిందే. ఆకులు తీశాక వాటి కింద లైనర్ మీద ఆకు ఆకారంలోనే మరక ఉంటుంది. గట్టిగా తోమనక్కర్లేదు. క్లోరిన్ మోతాదు సరిచేస్తే అలాంటి మరకలు చాలావరకు కొద్దిరోజుల్లో వెలిసిపోతాయి.