బ్రౌన్ ఆఖరి డ్యూటీ

ముప్పై ఎనిమిదో నిమిషం. ఇంకా ఎవరికీ గోల్ పడలేదు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ, అన్నయ్య క్వార్టర్‌లో ముందుగది. టీవీకి రెండడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చున్నాడు అన్నయ్య కొడుకు. పదమూడేళ్ళవాడు. ఒంటిమీద స్వెట్టరు, దానిమీద పసుపుపచ్చ జెర్సీ. చలిగా ఉంది, జెర్సీ లోపల వేసుకోరా అని వాళ్ళమ్మ పొద్దుగూకినప్పటి నుంచి చెబుతూనే ఉంది. లోపల వేసుకుంటే ఎవరికి కనబడుతుందని వాడి బాధ. ఒళ్ళో ఒక నోటుబుక్కు, చెవిమీద పెన్ను.

2020 జనవరి 10, శుక్రవారం. పుష్య పున్నమి. ఛత్తీస్‌గఢ్ వాళ్ళకు ఇవాళ ఛేర్‌ఛేరా, ధాన్యం ఇంటికొచ్చిన సంబరం. పొద్దున్నుంచీ పిల్లలు సంచులు పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగి వడ్లో బియ్యమో పెట్టించుకుని వెళ్ళారు. మనకేమో నాలుగు రోజుల్లో భోగి. వంటింట్లో దొడ్డమ్మ అరిసెలు వండుతోంది. నూనెలోంచి తీసినదాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి అదుముతుంటే నూనె బొట్లుబొట్లుగా గిన్నెలోకి జారుతోంది. నువ్వుల వాసన, కాగిన బెల్లం వాసన టీవీ దాకా వస్తున్నాయి. కిటికీ అవతల యార్డులో ఏదో బొగ్గు రేకు, వ్యాగన్ల వరస, కదిలింది. ఒక బండి లాగిన కుదుపు వెనక బండికి, దాని కుదుపు ఆ వెనక బండికి అందుకుంటూ ఆ చప్పుడు కాలనీ ఈ చివరనుంచి ఆ చివరికి పోయింది. ఈ ఇంట్లో ఆ చప్పుడుకి ఎవరూ తల తిప్పరు.

గోడవార మట్టి గోర్సీలో నిప్పులు పెట్టుకుని, చేతులు కాచుకుంటూ పెదనాన్న. లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన మాత్రం ఇప్పటికీ డ్రైవర్ననే చెప్పుకుంటాడు.

గచ్చిబౌలి స్టేడియంలో సగం కూడా నిండలేదు. కెమెరా తిరిగిన ప్రతిసారీ ఖాళీ కుర్చీలే. మైదానం అంచున నిలబడి ఉన్నాడు ఫిల్ బ్రౌన్, హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్, అరవై ఏళ్ళ ఇంగ్లిష్ మనిషి. ఈ జట్టుతో ఇది ఆయన ఆఖరి మ్యాచ్. ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ తెలీదు.

నలభయ్యో నిమిషం. చెన్నైయిన్ తరఫున బ్రెజిల్ వాడు రఫాయెల్ క్రివెల్లారో కొట్టాడు. గోల్.

పిల్లాడు కదల్లేదు. పెన్ను చెవిమీదే ఉంది.

నలభైమూడు. లిథువేనియా నుంచి వచ్చిన నెరియస్ వాల్స్కిస్. రెండోది.

"ఛీ!" అని లేచాడు. పీట వెనక్కి పడింది. "తాతా, ఈ కోచ్‌ని తీసేయాలి. ఇవాళే తీసేయాలి. రేపటిదాకా ఉంచకూడదు!"

"పీట తియ్యి ముందు, మీ నాన్నమ్మ అరిసెలు పట్టుకొచ్చి తన్నుకుంటాది," అన్నాడు పెదనాన్న.

వాడి కోపం నాకు తెలుసు. మా కుటుంబాలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడ దిగినవి. తాతలు పట్టాల పనికి, షెడ్డు పనికి వచ్చారు. ఎండాకాలంలో సోలాపురి అమ్మవారి పూజ, సంక్రాంతికి అరిసెలు, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. వీడు హైదరాబాద్ ఎప్పుడూ చూడలేదు. కానీ ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక తెలుగు ఊరి పేరు మొదటిసారి వచ్చింది. అంతే, ఆ జట్టు వాడిదైపోయింది. పక్క క్వార్టర్లలో బెంగాలీ పిల్లలున్నారు. వాళ్ళకు కోల్‌కతా జట్టు ఉంది. 2019 అక్టోబర్ 25న హైదరాబాద్ ఆడిన మొట్టమొదటి మ్యాచ్ ఆ కోల్‌కతా మీదే, కోల్‌కతాలోనే. ఐదు గోల్స్ తిన్నది, ఒక్కటీ కొట్టలేదు. ఆ మర్నాడు వీడు ఆటకు బయటికి వెళ్ళలేదట. వదిన చెప్పింది.

హాఫ్ టైమ్. వాడి ఒళ్ళోంచి నోటుబుక్కు తీసుకుని చూశాను. మార్జిన్ గీసి, తేదీ, ఎవరితో, ఎన్ని గోల్స్, అన్నీ వరసగా రాసుకున్నాడు. గెలుపైతే పచ్చ ఇంకు, ఓటమైతే ఎరుపు. పదకొండు గీతల్లో పచ్చది ఒక్కటే. నవంబర్ 2, కేరళ బ్లాస్టర్స్ మీద రెండు ఒకటి. రెండు మ్యాచ్‌లు డ్రా, బెంగళూరుతో ఒకటి, కోల్‌కతాతో ఒకటి. నవంబర్ 25 గీత దగ్గర పేజీ కొంచెం చిరిగి ఉంది. చెన్నైలో ఇదే చెన్నైయిన్‌తో ఆడిన రోజు. తొంభై నిమిషాలూ గోల్ లేదు. అదనపు సమయంలో వాళ్ళు కొట్టారు, మనవాడు కిల్గాలన్ సమం చేశాడు, ఊపిరి పీల్చుకునేలోపు వాల్స్కిస్ మళ్ళీ కొట్టాడు. ఏడు నిమిషాల్లో మూడు గోల్స్. పేజీ చిరగదా మరి. చివరి గీత జనవరి 5, కొచ్చిలో కేరళ చేతిలో ఐదు ఒకటి. ఇంకా ఐదు రోజులు కూడా నిండలేదు.

"పెదనాన్నా, వాడు అనేదాంట్లో తప్పేముంది?" అన్నాను.

ఆయన వెంటనే జవాబు చెప్పడు. నిప్పుల మీద బూడిద ఊది, అప్పుడు మాట్లాడతాడు.

"బండి లేటైతే జనం ఇంజిన్ దగ్గరకొచ్చి తిడతారు. నేను తిన్నాను తిట్లు. సిగ్నల్ ఇవ్వనోడు వాళ్ళకు కనబడ్డు. ముందు ఏ గూడ్సు ఫెయిలై నిలబడిపోయిందో కనబడ్డు. కనబడేది డ్రైవరొక్కడే. కిటికీలోంచి తల బయట పెట్టి ఉంటాడు కదా."

"మరి డ్రైవరే తప్పు చేస్తే?" వాడు వదల్లేదు.

పెదనాన్న వాడి వైపు చూశాడు. "చేస్తే చార్జిషీటు ఇస్తారు. ఇవ్వాల్సిందే. అది వేరే మాట."

ఆ రెండూ నిజమే అనిపించింది నాకు. ఈ క్లబ్బు పుట్టిందే 2019 ఆగస్టు చివర్లో. మూతపడ్డ పుణె జట్టు స్థానంలో, విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని అనే ఇద్దరు తెలుగువాళ్ళు హైదరాబాద్ పేరుతో దీన్ని నిలబెట్టారు. మొదటి మ్యాచ్‌కి రెండు నెలల గడువు కూడా లేదు. బ్రౌన్ పుణెలో ఉన్నవాడే, ఆటగాళ్ళతోపాటు వచ్చాడు. ఆటగాడు నెస్టర్ గోర్డిల్లో మీద నాలుగు నెలల నిషేధం. దెబ్బలు తగిలి కూర్చున్నవాళ్ళు వేరే. ఇంకా సరిగా తయారుకాని బండిని యార్డులోంచి తీసి నేరుగా మెయిన్ లైన్ ఎక్కించేశారు. అలాగని బ్రౌన్ తప్పు లేదనీ అనలేను. పన్నెండు మ్యాచ్‌ల్లో ఇరవై తొమ్మిది గోల్స్ తిన్న జట్టుకు వెనక కాపలా సరిచేయాల్సిన మనిషి ఆయనే. చివరి నిమిషాల్లో మళ్ళీ మళ్ళీ జారిపోతుంటే ఆ పట్టు నేర్పాల్సిందీ ఆయనే.

ఆయన తక్కువవాడేం కాదు. ఇంగ్లండ్‌లో హల్ సిటీని 2008లో మొట్టమొదటిసారి ప్రీమియర్ లీగ్‌లోకి తీసుకెళ్ళింది ఆయనే. అదే ఏడాది డిసెంబర్ 26న మాంచెస్టర్ సిటీ మీద హాఫ్ టైమ్‌కి నాలుగు గోల్స్ వెనకబడితే, ఆటగాళ్ళను గదిలోకి పోనివ్వకుండా మైదానంలోనే కూర్చోబెట్టి, తమ అభిమానుల ముందే చీవాట్లు పెట్టాడు. నూటికి తొంభైమందికి ఆయన గురించి గుర్తున్నది అదొక్కటే. పైకి తెచ్చిన ఏడాది ఎవరికీ గుర్తులేదు, చీవాట్లు పెట్టిన పదిహేను నిమిషాలు మాత్రం అందరికీ గుర్తే. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

రెండో సగం మొదలైంది. దొడ్డమ్మ పళ్ళెంలో నాలుగు వేడి అరిసెలు పెట్టి తెచ్చింది. "ఏటి, గెలుస్తున్నారా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. వాడి తలమీద చెయ్యివేసి ఓసారి నిమిరి వెళ్ళిపోయింది.

బంతి అటూ ఇటూ తిరుగుతుంటే పెదనాన్న తన లోకంలోకి వెళ్ళాడు. ఫుట్‌బాల్ అంటే ఆయనకు రహీం సాబే. హైదరాబాద్ పోలీసు జట్టును, దేశం జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 సెప్టెంబర్ 4, జకార్తా, ఏషియన్ గేమ్స్ ఫైనల్. స్టేడియం స్టేడియమంతా మన జట్టు మీద అరుస్తోంది. ఆటకు సంబంధం లేని గొడవ అది. ఇజ్రాయెల్‌నీ తైవాన్‌నీ రానివ్వలేదని ఒక భారత అధికారి మాట్లాడినందుకు కోపం. ఆ అరుపుల మధ్య పదిహేడో నిమిషంలో పి.కె.బెనర్జీ, ఇరవయ్యో నిమిషంలో తలకు కుట్లతో ముందు వరసలో ఆడిన జర్నైల్ సింగ్. కొరియా మీద రెండు ఒకటి. బంగారం. జబ్బు అప్పటికే రహీం ఊపిరితిత్తుల్లో ఉంది. దేశం జట్టుతో ఆయనకు అదే ఆఖరి మ్యాచ్. మరుసటి ఏడాది జూన్ 11న పోయాడు.

"ఆ జట్టులో బలరాం ఉన్నాడ్రా," అన్నాడు మనవడితో. "సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రోడు. తర్వాత మన రైల్వేకే వచ్చాడు, బీఎన్ఆర్ జట్టులోకి. మీ ముత్తాత చెప్పేవాడు, బీఎన్ఆర్ మ్యాచంటే షెడ్డులో రేడియో చుట్టూ జనం ఉండేవాళ్ళని."

వాడు వింటున్నాడో లేదో. కళ్ళు టీవీ మీదే.

అరవై ఐదో నిమిషం. వాల్స్కిస్. మూడు సున్నా.

ఈసారి అరవలేదు. చెవిమీది పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, ఎర్ర ఇంకు పెన్ను వెతుక్కున్నాడు. కెమెరా బ్రౌన్ మీదికి వెళ్ళింది. చాలాసేపు అక్కడే ఉంది. కెమెరాలకు ఈ ముఖాల మీద ఆకలి ఎక్కువ. ఆ మనిషి మైదానంలోకే చూస్తున్నాడు. నేను అప్పుడు అనుకున్నాను, ఇంత దూరంలో, ఇంత చలిలో ఒక పిల్లాడు తన మీద ఇంత కోపం పెట్టుకుని కూర్చున్నాడని ఈయనకు తెలిసే దారి లేదు కదా అని. ఆ కోపం వెనక ఎంత ఇష్టం ఉందో అసలే తెలీదు.

ఎనభై ఎనిమిదో నిమిషంలో మన మార్సెలీన్యో ఒకటి కొట్టాడు. పిల్లాడి చెయ్యి దానంతటదే పైకి లేచింది. లేచిన చెయ్యిని చూసుకుని, మెల్లగా కిందికి దించుకున్నాడు.

విజిల్. మూడు ఒకటి. పన్నెండు మ్యాచ్‌లు, ఒక గెలుపు, ఐదు పాయింట్లు. పట్టికలో అందరికంటే కింద.

బయటికొచ్చాం. గుండ్రని చంద్రుడు. పెదనాన్న మంకీ క్యాప్ కిందికి లాక్కుని మెట్టు మీద కూర్చున్నాడు. యార్డులో ఇంకో రేకు బయల్దేరుతోంది.

నాకు ఆయన ఆఖరి డ్యూటీ గుర్తొచ్చింది. శహడోల్ నుంచి బొగ్గు రేకు తెచ్చాడు ఆ రోజు. రైల్వేలో నెలాఖరు రోజే రిటైర్మెంట్ కాబట్టి తేదీ ఏళ్ళ ముందునుంచే తెలుసు. బిలాస్‌పూర్‌లో ఇంజిన్ ఆగగానే తోటివాళ్ళు ముక్కుకి బంతిపూల దండ కట్టారు. డోలు వాయించారు. దొడ్డమ్మ పళ్ళెంలో హారతి పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడింది, గాలికి ఆరిపోతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంటూ. ఆయన దిగి, ఇంజిన్‌ని ఓసారి తడిమి, డ్రైవర్లు డ్యూటీ ఎక్కే, దిగే లాబీకి వెళ్ళి రిజిస్టర్లో సైన్ ఆఫ్ చేశాడు. టైము రాసేటప్పుడు చెయ్యి వణికిందని తర్వాత ఎప్పుడో చెప్పాడు. ముప్పై ఆరేళ్ళు నడిపినవాడికి దండ వేయడం వింత కాదు. కానీ ఆ దండ వల్లే ఆయనకు పని ముగిసిందని నమ్మకం కుదిరింది.

మర్నాడు, శనివారం, కబురు వచ్చింది. హైదరాబాద్ ఫిల్ బ్రౌన్‌తో తెగతెంపులు చేసుకుంది.

వాడు సంబరపడతాడనుకున్నాను. కోరుకున్నదే జరిగింది. టీవీ ముందు నిలబడి రెండుసార్లు విన్నాడు. జెర్సీ ఇంకా విప్పలేదు, అందులోనే పడుకున్నట్టున్నాడు, ముడతలు పడి ఉంది.

"తాతా, నిన్న ఆడేటప్పుడు ఆయనకు తెలుసా? ఇదే లాస్ట్ అని?"

"ఎవరు చెప్తార్రా."

ఆ తర్వాతి కథ ఇప్పుడు నాకు తెలుసు. ఆ సీజన్‌లో ఆ జట్టు చివరికి అట్టడుగునే నిలిచింది, పది పాయింట్లతో. 2022 మార్చి 20న, గోవాలో, అదే కేరళ మీద పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపితే లీగ్ ఛాంపియన్ అయింది. 2025లో హైదరాబాద్ వదిలి ఢిల్లీకి వెళ్ళిపోయింది. పుణె నుంచి ఒక ట్రాన్స్‌ఫర్, ఢిల్లీకి ఇంకొకటి. రైల్వే కుటుంబంలో పుట్టినవాడికి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అయినా వాడు ఆ రోజు ఏడ్చాడు.

కానీ ఆ శనివారం పొద్దున అవేవీ లేవు. గోర్సీ చల్లారిపోయి ఉంది. దొడ్డమ్మ అరిసెలను డబ్బాలో సర్దుతోంది. వాడు నోటుబుక్కు తెచ్చి పన్నెండో గీత తెరిచాడు. జనవరి 10, చెన్నైయిన్, ఒకటి మూడు, ఎర్ర ఇంకు. పక్కన కొంచెం ఖాళీ ఉంది. పెన్ను పెదనాన్నకి ఇచ్చాడు.

"నువ్వేం రాసేవాడివి తాతా, డ్యూటీ అయిపోయినప్పుడు?"

పెదనాన్న కళ్ళజోడు సవరించుకున్నాడు. నిన్న విజిల్ ఎన్ని గంటలకు వేశారని నన్ను అడిగాడు. తొమ్మిదిన్నరకి కాస్త ముందు అన్నాను. అలా కుదరదు, నిమిషంతో సహా కావాలన్నాడు. వాడే చెప్పాడు. ఆయన నోటుబుక్కుని మోకాలి మీద ఆనించుకుని, లాబీ రిజిస్టర్లో రాసే పెద్ద అక్షరాలతో, తెలుగులో రాశాడు.

సైన్ ఆఫ్, 21-25.

వాడు ఆ ఖాళీలోనే, కింద, ఫిల్ బ్రౌన్ అని పేరు రాశాడు. తెలుగు రాయడం వాడికి అంతగా రాదు. బ్రౌన్‌లో వత్తు ఎక్కడ పెట్టాలో అడిగి మరీ రాశాడు.