చచ్చినా గద్దె దిగని రాజులు

ఇన్కా చక్రవర్తి పోతే పీఠం కొడుకుల్లో ఒకడికి దక్కేది. పోయినవాడి భూములు, భవనాలు, నౌకర్లు మాత్రం అతని పేరు మీదే ఉండిపోయేవి. వాటి పెత్తనం పనాకాది, అంటే కొత్త రాజు మినహా మిగిలిన సంతానపు కూటమిది. శవాన్ని ఎండబెట్టి, మేలైన బట్టలు చుట్టి, పండగలకు రాజధాని కుస్కో నడిబొడ్డు మైదానానికి మోసుకొచ్చి, ముందు మొక్కజొన్న కల్లు పెట్టేవారు. ఆ శవం మనసులో మాట చెప్పేదీ వాళ్లే. రాజకీయానికి ఇంతకంటే అనుకూలమైన పెద్దమనిషి దొరుకుతాడా!

కొత్త రాజు తన ఆస్తి తానే గడించుకోవాలి. 1438 ప్రాంతంలో చాంకా తెగవాళ్లను తరిమిన పచకూటి చక్రవర్తి మొదలు, వందేళ్లలోపే రాజ్యం ఈక్వెడార్ నుంచి చిలీ దాకా పాకడానికి ఈ ఆనవాయితీయే కారణమని కొందరు చరిత్రకారుల వాదన. అన్నీ దానికే ముడిపెట్టలేం కానీ, కొట్టిపారేయనూ లేం.

ఇలా జయించిన ప్రాంతాల దేవతా విగ్రహాలను కుస్కోలో ఉంచేవారు. మర్యాదా అదే, జామీనూ అదే. కపకోచా అనే పిల్లల బలి ఇంకా కఠినం. ఓక్రోస్ పెద్ద కాకే పోమా తన పదేళ్ల కూతురు తంతా కర్వాను అర్పించాడు. కుస్కోలో సత్కారాలు పొంది తిరిగొచ్చిన ఆ పిల్లను కొండ మీద సజీవంగా సమాధి చేశారు. తండ్రికి కురాకా, అంటే స్థానిక నాయకుడి పదవి ఖాయమైంది. ఆమె గ్రామదేవత అయింది. ఈ కథ 1621లో ఒక క్రైస్తవ పూజారి రాసిపెట్టినది. 1999లో యుయయాకో శిఖరం మీద, 6,700 మీటర్ల పైన, ముగ్గురు పిల్లల దేహాలు దొరికాక ఇలాంటి రాతలను కట్టుకథలనడం కష్టమైంది.

చక్రవర్తి వాయినా కపాక్ మరణం తర్వాత అతని కొడుకులు వాస్కర్, అతావాల్పా తలపడ్డారు. మృతుల ఆస్తులు లాక్కుంటానని బెదిరించి వాస్కర్ పనాకాలను దూరం చేసుకున్నాడు. అతావాల్పా సేనానులైతే తమకు ఎదురునిలిచిన వంశపు మూలపురుషుడు తోపా ఇన్కా శవాన్నే తగలబెట్టారు. చనిపోయినవాణ్ని మళ్లీ చంపాల్సి వచ్చిందంటే వాడి పలుకుబడి ఎంతటిదో! 1533లో కాహమార్కాలో, అతన్ని బందీగా పట్టుకున్న స్పానిష్‌వాళ్లు తనను సజీవదహనం చేయబోతే అతావాల్పా బాప్తిస్మానికి ఒప్పుకున్నాడు. అందుకే దహనం మాని గొంతు నులిమి చంపారు. శరీరం మిగలాలన్నదే అతని లెక్కని చాలామంది ఊహ.

మమ్మీలు ఉన్నంతకాలం పాలన తమది కాదని స్పెయిన్ అధికారులకూ తెలిసింది. 1559లో పోలో దె ఒందెగార్దో అనే అధికారి పచకూటి, వాయినా కపాక్‌ల దేహాలను పట్టుకుని లిమాకు పంపించాడు. అక్కడి సాన్ ఆంద్రేస్ ఆసుపత్రి ఆవరణలో పురావస్తు శాస్త్రవేత్తలు గాలించినా అవి దొరకలేదు.