గొంతు దాచుకున్న నావాత్

ఎల్ సాల్వడార్‌లో పిపిల్ ఆదివాసుల భాష నావాత్ క్షీణించిన కథ కాఫీతో ముడిపడి ఉంది. 1881, 1882 నాటి చట్టాలు ఊరుమ్మడి భూములను రద్దు చేశాయి. పడమటి ప్రాంతపు ఆదివాసులు తమ నేల మీదే కాఫీ తోటల కూలీలయ్యారు. 1932 జనవరిలో తిరగబడ్డారు. అప్పటి పాలకుడు జనరల్ మార్టినెజ్ సైన్యం 10 వేలమందిని చంపిందని కొందరు చరిత్రకారులు, 30 వేలమందినని మరికొందరు అంటారు. ఇసాల్కోలో తిరుగుబాటు నాయకుడు ఫెలిసియానో అమాను ఉరితీశారు. ఆదివాసిలా కనిపించడమే ప్రాణం మీదికి వచ్చిన రోజులవి. చాలామంది తల్లులు కట్టూబొట్టూ మార్చుకుని, పిల్లలతో స్పానిష్‌లోనే మాట్లాడారు. ఆ భయం ఒక తరంతో పోలేదు.

పిపిల్ నావా కవి హోర్హె అర్గ్వేటా 1961లో అలాంటి దేశంలో పుట్టారు. అంతర్యుద్ధం తరిమితే 1980ల్లో శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. అక్కడ 1975లో హారియెట్ రోమర్ స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ప్రెస్, వలస కుటుంబాల పిల్లల కోసం రెండు భాషల్లో బొమ్మల పుస్తకాలు వేస్తూ ఉండేది. 2001లో ఆ సంస్థ నుంచే ఆయన ‘ఉనా పెలికులా ఎన్ మి అల్మోహాదా’ వచ్చింది. వదిలొచ్చిన దేశమూ, కొత్త నగరమూ అందులో ఒకే పిల్లవాడి తలలో తిరుగుతాయి.

నా దృష్టిలో అసలు మలుపు 2006 నాటి ‘అబ్లాందో కోన్ మాద్రె తియెర్రా’. అందులోని పిల్లవాడి పేరు టెట్ల్. అది కవి సొంత నావా పేరు కూడా. తోటిపిల్లలు ఆదివాసి అనే అర్థంలో ‘ఇండియన్’ అని గేలిచేస్తే నొచ్చుకున్న ఆ పిల్లవాడు, నేలతో మాట్లాడుతూ తేరుకుంటాడు. 1932 తర్వాత పెద్దలు దాచిపెట్టమన్న గుర్తింపును ఒక పిల్లవాడు అచ్చులో, అందరి ముందూ చెప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఆ తర్వాత చిక్కుడు గింజల సూపు, పరమాన్నం, తమాలీల మీద వంటపద్యాలు వచ్చాయి. మొదట పేరు, తర్వాత తిండి. భాష మాత్రం చివరికి గానీ రాలేదు. 2017లో నీటి మీద రాసిన ‘ఆగ్వా, ఆగ్విటా’లో స్పానిష్, ఇంగ్లీషులతో పాటు నావాత్ పాఠమూ చేరింది. 2019లో నిప్పు మీది పుస్తకంలోనూ అంతే.

నావాత్‌కు పండితుల సాయం అంతకుముందే అందింది. లైల్ కాంప్‌బెల్ 1985లోనే సమగ్ర వ్యాకరణం ప్రచురించారు. అది భాషను భద్రపరచగలదు గానీ, మూడేళ్ల పిల్లకు దాంతో పనిలేదు. ఇప్పుడు ఈ భాష మాట్లాడేవారు కొన్ని వందలమందే, వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. మూడో పాఠంగా అచ్చయిన నావాత్ ఒక్కటే భాషను నిలబెడుతుందని నేననను. పలికి వినిపించే గొంతు కూడా కావాలి. సాంతో దొమింగో దె గుస్మాన్‌లో 2010లో మొదలైన ‘కూనా నావాత్’ శిశుకేంద్రంలో నావాత్ తెలిసిన పెద్ద వయసు స్త్రీలే చిన్నపిల్లలతో ఆ భాషలో మాట్లాడుతూ వచ్చారు. అర్గ్వేటా పుస్తకాలు ముందుగా చేరాల్సింది అలాంటి పిల్లల చేతికే.