డీజిల్ బండి ఊపిరి

నిండు బరువుతో ఘాటు రోడ్డెక్కుచున్న పాత లారీ వెనుక ప్రయాణము చేయనివారు మనలో అరుదు. లారీ మూలుగును; గేరు మారును; గొట్టమునుండి నల్లని పొగ బుస్సున లేచును; వెనుక బస్సులోనివారు గబగబ కిటికీలు మూయుదురు. ఆ పొగను తిట్టుకొనువారే గాని, అది వెడలు గొట్టమును గూర్చి ఆలోచించువారు తక్కువ. మోటారు మేస్త్రీలకు మాత్రము ఆ గొట్టము చిన్న విషయము కాదు. అమెరికాలో 1980ల చివరను, 1990లలోను తయారైన డీజిల్ ట్రక్కులను నేటికిని ప్రాణప్రదముగా చూచుకొనువారు కలరు. వారు మొదట చేయదలచు మార్పులలో నొకటి, టర్బోకు తగిలించిన సన్నని గొట్టమును తీసి పెద్ద గొట్టము వేయుట. దానిని డౌన్‌పైపు అందురు. ఈ మార్పు మేలా, కీడా? జవాబు తెలియవలెనన్న, ఆ గొట్టము అక్కడికి ఎట్లు వచ్చెనో ముందు తెలిసికొనవలెనని మేము తలంచుచున్నాము.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్ నగరమున జన్మించిన జర్మన్ ఇంజనీరు. ఆనాటి ఆవిరి యంత్రములు బొగ్గులోని శక్తిలో పదింట తొమ్మిది పాళ్ళకు పైగా వృథా చేయుచుండెడివి. ఈ దుబారాను తగ్గించుట ఎట్లన్నది విద్యార్థి దశనుండి ఆయనను వెన్నాడిన సమస్య. గాలిని గట్టిగా అదిమినచో వేడెక్కును. ఆ వేడిలో చమురు చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. ఈ సూత్రముపై ఆయన 1892లో పేటెంటు కోరెను. 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణపు కర్మాగారమున జరిగిన పరీక్షలో, ఆయన ఇంజను చమురులోని శక్తిలో నూటికి 26 పాళ్ళు పనిగా మార్చెను. అది గొప్ప విజయము. అయినను తక్కిన 74 పాళ్ళ మాటేమి? కొంత ఇంజనును చల్లబరచుటకు పోయెను. కొంత వేడిపొగ రూపమున గొట్టము వెంట బయటికి పోయెను. 1913లో ఇంగ్లండునకు పోవుచు నోడ ప్రయాణములో డీజిల్ అదృశ్యుడయ్యెను. పొగలో పోవు సొమ్ము మాత్రము అట్లే పోవుచుండెను.

ఆ సొమ్మును తిరిగి రాబట్టుటకు దారి చూపినవాడు స్విట్జర్లండు దేశీయుడు ఆల్ఫ్రెడ్ బ్యూకీ. ఆయన 1905లో పొందిన పేటెంటులోని ఊహ ఇది: ఇంజను విడుచు వేడిపొగను ఒక చక్రముపైకి మళ్ళించవలెను. పొగ తోపుడుకు ఆ చక్రము తిరుగును. అదే ఇరుసు రెండవ కొసనున్న మరియొక చక్రము బయటి గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. గాలి హెచ్చినచో చమురు హెచ్చుగా మండించవచ్చును. ఇంజను పెరుగకయే బలము పెరుగును. ఇదియే మనము టర్బో అని పిలుచు సాధనము. విడిచిన ఊపిరి చేతనే కొత్త ఊపిరి తీయించుట దీని మర్మము. ఊహ పుట్టిన ఇరువది ఏండ్లకు గాని అది ఆచరణలో ఫలింపలేదు. 1925లో బ్యూకీ ఇంజను బలమును నూటికి 40 పాళ్ళు పెంచి చూపెను. ఆ పిమ్మట జర్మనీ ప్రయాణికుల ఓడలు రెండింట 1750 అశ్వశక్తిగల ఇంజన్లు ఈ సాధనముతో 2500 అశ్వశక్తినిచ్చెను.

ఓడనుండి రోడ్డునకు దిగుటకు మరికొంత కాలము పట్టెను. 1924 నాటికి జర్మనీలో డీజిల్ లారీలు తయారయ్యెను. 1938లో స్విస్ సంస్థయగు సౌరర్ లారీ ఇంజనుకు టర్బోను కూర్చెను. 1954లో స్వీడనుకు చెందిన వోల్వో తన టైటన్ లారీని టర్బోతో అమ్మకమునకు తెచ్చెను. 150 అశ్వశక్తిగల ఇంజను 185కు పెరిగెను.

ఈ నడుమ 1952 మే 30న అమెరికాలోని ఇండియానాపొలిస్ పట్టణమున 500 మైళ్ళ పందెములో జరిగిన ఘటన యొకటి మరువరానిది. ఫ్రెడ్ అగబాషియన్ నడపిన కమ్మిన్స్ వారి డీజిల్ కారు అర్హత పరీక్షలో గంటకు 138 మైళ్ళ సగటు వేగము సాధించి, పెట్రోలు కార్లన్నిటికన్న ముందు వరుసలో మొదటి స్థానము సంపాదించెను. చూచువారు విస్తుపోయిరి. అయినను పందెములో 71వ చుట్టు దగ్గర ఆ కారు నిలిచిపోయెను. కారణము ఇంజను విరుగుట కాదు. టర్బో గాలి తీసికొను ద్వారము నేలకు దగ్గరగా నుండుటచే, బాటపై రాలిన టైర్ల రబ్బరు తునకలు దానిని పూడ్చివేసెను. ఎంత బలముగల యంత్రమైనను ఊపిరాడనిచో కూలబడునని వేలాది జనము కన్నులార చూచిరి.

ఇక మన గొట్టమునకు వత్తము. 1989 మోడలు డాడ్జ్ ట్రక్కునకు కమ్మిన్స్ వారి 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల టర్బో ఇంజను అమర్చిరి. దాని బలము 160 అశ్వశక్తి. 1994లో ఫోర్డు వారి 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజను వచ్చెను. ఇందు టర్బోనుండి పొగను క్రిందికి దించు గొట్టము ఇంజను వెనుక భాగమునకు, క్యాబిన్ గోడకు నడుమనున్న ఇరుకులో దిగవలసి వచ్చెను. అందువలన దానిని కొంత నొక్కి సన్నము చేసిరి. చోటు, చప్పుడు, ఖర్చు, ఈ మూడింటిని చూచుకొని కర్మాగారము చేసిన రాజీ యది. ఆనాటి బలమునకు అది చాలెను.

టర్బో చక్రము తిరుగుట దాని ముందరి ఒత్తిడికిని వెనుకటి ఒత్తిడికిని గల తేడా వలన. చక్రము దాటిన పిదప పొగకు ఎదురగు ప్రతి అడ్డంకియు ఆ తేడాను తగ్గించును. ఇంజనుకు వెనుక ఒత్తిడి కొంత యుండవలెనని కొందరందురు. టర్బో దాటిన గొట్టము విషయమున ఆ మాట చెల్లదు. లోపలి అడ్డుకొలత 3 అంగుళములగు గొట్టము నోరు సుమారు 7 చదరపు అంగుళములు. 4 అంగుళములదానికి 12న్నర. అడ్డుకొలత మూడవ వంతు పెరుగగా నోరు నూటికి 78 పాళ్ళు పెరిగెను. అంతే పొగ పోవునపుడు గొట్టము గోడల రాపిడి వలని నష్టము నాలుగవ వంతు కన్న తక్కువకు దిగును. ఫలితముగా టర్బో కొంత త్వరగా మేల్కొనును. ఎత్తెక్కునపుడు పొగ వేడి తగ్గును. ఇంజను గొంతు గంభీరమగును. అయితే డౌన్‌పైపు ఒక్కటి మార్చి, దాని వెనుక సైలెన్సరును ఇరుకుగానే విడిచినచో, తూము వెడల్పు చేసి దిగువ కాలువలో పూడిక తీయనట్లే యగును.

పని కూడ తేలిక కాదు. పాత బండి బోల్టులు త్రుప్పుపట్టి యుండును. వానికి ముందునాటి రాత్రియే నూనె పట్టించి నాననీయక తొందరపడినచో తల తెగి చేతికి వచ్చును. పెద్ద గొట్టము బ్రేకు గొట్టములకు గాని, వైర్లకు గాని, క్యాబిన్ అడుగునకు గాని తగులరాదు. దాని బరువు టర్బోపై వ్రేలాడక ఆధారములపై నిలువవలెను. అతుకు వద్ద సందు మిగిలినచో విషవాయువు క్యాబిన్‌లోనికి చేరి డ్రైవరు ప్రాణమునకే ముప్పు తెచ్చును.

అసలు చిక్కు దీని తరువాత మొదలగును. గొట్టము పెద్దదైనందువలన వచ్చు లాభము మితమైనది. అది చాలక కొందరు చమురును పెంచుదురు. గాలికి మించిన చమురు పూర్తిగా మండక నల్లపొగయగును; పొగ వేడి హెచ్చి అల్యూమినియము పిస్టన్లకు చేటు తెచ్చును. మరికొందరు పెద్ద గొట్టము పేరు చెప్పి, పొగను శుభ్రపరచు సాధనములనే ఊడదీయుదురు. 2007 తరువాత అమెరికాలో వచ్చిన డీజిల్ ట్రక్కులకు మసిని పట్టు జల్లెడలు అమర్చిరి. అంతకు ముందు వానిలో కూడ కొన్నింటికి శుద్ధి సాధనములు కలవు. వీనిని తొలగించుట ఆ దేశపు స్వచ్ఛవాయు చట్టమునకు విరుద్ధము. అయినను పదేండ్లలో 5,50,000కు పైగా డీజిల్ పికప్ ట్రక్కులనుండి ఇట్టి సాధనములు తొలగింపబడినవని ఆ దేశ పర్యావరణ రక్షణ సంస్థ 2020లో అంచనా వేసెను. అంతకు ముందే, 2012లో, డీజిల్ పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ధారించి యుండెను.

ఇది దూరదేశపు ముచ్చట యని మనము తోసివేయరాదు. కమ్మిన్స్ వారితో కలసి టాటావారు 1993లో సంస్థ నెలకొల్పి, జంషెడ్‌పూరులో ఆ వంశపు ఇంజన్లనే తయారు చేసిరి. ఆ ఇంజన్ల లారీలు మన రహదారులపై కూడ బరువులు మోసినవి. 2020 ఏప్రిల్ నుండి అమ్మకమునకు వచ్చిన కొత్త బండ్లకు భారత్ స్టేజ్ 6 నిబంధనలు వర్తించినవి. పాత బండ్లు మాత్రము తమ పాత ఊపిరితోనే తిరుగుచున్నవి.

కనుక మొదటి ప్రశ్నకు మా జవాబిది. పాత డీజిల్ బండికి ఇరుకు గొట్టము తీసి పెద్దది వేయుట, శుద్ధి సాధనము నేదియు తొలగింపక, చమురు పెంపక, చట్టమునకు లోబడి చేసినచో, మేలైన మరమ్మతే. డబ్బు చెల్లించుటకు ముందు యజమాని మేస్త్రీని అడుగవలసినవి రెండు కలవు: కొత్తది వేయుటకై ఏమేమి తీసివేయుచున్నావు? పని ముగిసిన పిదప ఎత్తెక్కునపుడు పొగ ఏ రంగున నుండును? రెండవదానికి జవాబు నల్లగానని వచ్చినచో, ఆ గొట్టము వెనుక వచ్చు బస్సును, దాని కిటికీ ప్రక్కన తల్లి ఒడిలో నిద్రించు బిడ్డను ఒక్కసారి తలచుకొనవలెను.